మెట్లు పైకెళ్ళాయి, ఇప్పుడే వస్తాయి

ఇకమీదట ప్రజలు కదులుతారని ఆరోగ్యశాఖ మంత్రిగారు ప్రకటించారు.

సోమవారం ఉదయం, శాఖ ప్రధాన కార్యాలయం ఏడో అంతస్తులో, వెనక్కి వాలే కుర్చీలో బాగా వాలి, ఏసీ గాలి సూటిగా నుదుటికి తగిలేలా తిప్పించుకుని, ఆయన ‘నిత్య చలన మహోద్యమం’ ప్రారంభించారు. పెద్దలు కూర్చున్న చోటే కూర్చుండిపోతున్నారనీ, పిల్లలు ఫోన్లు పట్టుకుని పడుకున్న చోటే పడుకుండిపోతున్నారనీ, ఇదంతా చూసి తనకు రాత్రిపూట నిద్ర పట్టక పగలు పడుతోందనీ ఆవేదన వెలిబుచ్చారు. పెద్దలు రోజూ అరగంట, పిల్లలు గంట, ఒళ్ళు వంచి తీరాల్సిందే అన్నారు. చప్పట్లు మోగాయి. చప్పట్లు కొట్టడం కూడా వ్యాయామమేనని మంత్రిగారు అక్కడికక్కడే గుర్తించి, ఆ అరగంటలో దీన్నీ కలుపుకోవచ్చని పీఏతో రాయించారు. అంతటి సమయస్ఫూర్తి అందరికీ అబ్బేది కాదు.

అక్కడితో ఆగిపోతే ఏ గొడవా లేదు. వెనక వరసలో కూర్చున్న విలేకరి ఒకామె ఊరుకోలేదు.

“సార్, ప్రజల సంగతి సరే. మీ ఆఫీసులో ఏం చేస్తున్నారు?”

మంత్రిగారు పీఏ వైపు చూశారు. పీఏ పైకప్పు వైపు చూశాడు. పైకప్పు ఏమీ సాయం చెయ్యలేదు. ఇలాంటి సమయాల్లోనే నాయకుడెవరో బయటపడేది.

“మా ఆఫీసులోనా? రేపట్నుంచి లిఫ్టు బంద్!” అన్నారు మంత్రిగారు బల్ల గుద్ది.

“మీక్కూడానా?”

“ముందు నాకే!”

ఈసారి చప్పట్లు అరగంట వ్యాయామానికి సరిపోయేంత గట్టిగా మోగాయి. మంత్రిగారు ఆ ఊపులోనే లేచి, ఫొటోలు దిగి, వరండాలోకి వచ్చి, “లిఫ్టేదయ్యా? నుంచోబెట్టారా?” అనడిగారు.

నుంచోబెట్టే ఉంది. తలుపు పట్టుకుని లిఫ్టు బాబాయి నిలబడి ఉన్నాడు.

ఆయనకు అమ్మా నాన్నా పెట్టిన పేరు ఒకటుండే ఉంటుంది. ఆఫీసులో మాత్రం అటెండరు దగ్గర్నుంచి మంత్రిగారిదాకా అందరికీ లిఫ్టు బాబాయే. పెళ్ళయిన ఏడాది చేరాడు ఈ ఉద్యోగంలో. అప్పట్నుంచి ఎన్ని ప్రభుత్వాలు పైకెక్కినా, కిందికి దిగినా ఆయన చేతులమీదుగానే. ఆయనకున్న ఆస్తల్లా భవనం వెనకున్న ఒంటిగది. లిఫ్టులో ఎవరైనా ఇరుక్కుంటే వెంటనే వచ్చి తియ్యాలి గనక లిఫ్టు ఆపరేటరు అక్కడే కాపురముండాలని ఎవరో పుణ్యాత్ముడు రూలు పెట్టాడు. ఆ రూలు నీడనే బాబాయి సంసారం సాగిపోయింది.

లిఫ్టు దిగుతుండగా బాబాయి గొంతు సవరించుకున్నాడు.

“అయ్యా, రేపట్నుంచి లిఫ్టు లేకపోతే… మరి నేను?”

“నువ్వూ మెట్లెక్కు బాబాయ్! ఆరోగ్యం!”

“ఎక్కుతానయ్యా. ఎక్కి ఏం చెయ్యమంటారు?”

మంత్రిగారికి అది చాలా లోతైన ప్రశ్నలా తోచింది. ఆలోచిద్దామనుకునేలోగా కింది అంతస్తు వచ్చేసింది.

నెలాఖరుకి పోస్టు తీసేస్తున్నారన్న కబురు ఆ సాయంత్రానికే తెలిసింది.  బాబాయి గదికొచ్చి గుమ్మంలో కూలబడ్డాడు.

గదికీ భవనానికీ మధ్య పెద్ద వాకిలి. మధ్యాహ్నం భోజనాల వేళ గుమాస్తాలు అక్కడ నెట్టు కట్టి షటిలాడతారు. బడి వదిలాక స్టాఫు పిల్లలంతా అక్కడికే చేరి, అమ్మానాన్నల పని అయ్యేదాకా దొమ్మీలాడుకుంటారు. వాళ్ళ మోకాళ్ళు కడిగేది, తగవులు తీర్చేది, ఓడిపోయి ఏడ్చేవాణ్ణి ఒళ్ళో కూచోబెట్టుకునేది బాబాయి భార్య. ఆవిడ అందరికీ పిన్ని. నిజం చెప్పాలంటే ఆరోగ్యశాఖ మొత్తమ్మీద మనుషులు కదిలే చోటు అదొక్కటే. ఎవరూ ప్రకటించలేదు గనక అది లెక్కలోకి రాలేదు.

“లిఫ్టు ఆపితే ఆపుకుంటారు. నిన్నెందుకయ్యా ఆపడం?” అంది పిన్ని.

“లిఫ్టే లేకపోతే ఆపరేటరెందుకే? పోస్టు పోతే గదీ పోతుంది.”

“గది పోతే?”

“అదే నేనూ ఆలోచిస్తున్నాను.”

“ఆలోచిస్తూ గుమ్మంలో కూర్చుంటే అవుతుందా? పొద్దున్నే వెళ్ళి ఆ సూపరింటెండెంటమ్మ కాళ్ళో వేళ్ళో పట్టుకో!”

సూపరింటెండెంటమ్మ నాలుగో అంతస్తులో ఉంటుంది. పోస్టులు, బదిలీలు, సెలవులు అన్నీ ఆవిడ చేతిలోనే. ఆవిడ గురించి ఒక్క మాట చెప్పాలి. తన సర్వీసులో ఒక్క పోస్టు కూడా చావలేదని ఆవిడకు గర్వం. మనుషులు పోయారు గానీ పోస్టులు పోలేదు. బాబాయి చెప్పిందంతా విని ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

“లిఫ్టులో నువ్వేం చేస్తావు?”

“మనుషుల్ని పైకి తీసుకెళ్తానమ్మా. మళ్ళీ కిందికి తెస్తాను.”

“ఇవాళ్టినుంచి మనుషులు పైకి వెళ్ళడం మానేశారా?”

“లేదమ్మా, వెళ్తున్నారు.”

“కిందికి రావడం?”

“వస్తున్నారు.”

“మరి నీ పని ఎక్కడికి పోయిందయ్యా? ఇక్కడే ఉందిగా!”

 ఆ మధ్యాహ్నానికి ఆయన ‘మెట్ల ఆపరేటరు’ అయ్యాడు.

ఇక్కడ ప్రభుత్వ యంత్రాంగాన్ని మెచ్చుకోకుండా ఉండలేం. కొత్త పోస్టుకి కొత్త రూల్సు రాయాలంటే నెలలు పడుతుంది. అందుకని లిఫ్టు రూల్సే మెట్లకూ వర్తింపజేశారు. ఒకసారికి ఆరుగురు మించి ఎక్కరాదు. ఆపరేటరు లేకుండా ఎవరూ వాడరాదు. ఆపరేటరు ఎక్కేవారిని ముట్టుకోరాదు. మధ్యలో గెంతరాదు.

మర్నాటినుంచి మెట్ల దగ్గర క్యూ మొదలైంది. బాబాయి ఆరుగురిని లెక్కపెట్టుకుని, “ఏ ఫ్లోరండీ, ఏ ఫ్లోరు?” అని అందరినీ అడిగి, ముందు తనెక్కేవాడు. అంతస్తు వచ్చినప్పుడల్లా ఆగి, ఆయాసపడుతూనే “రెండో ఫ్లోర్, రెండో ఫ్లోర్!” అని కేకేసేవాడు. పైదాకా వెళ్ళి, దిగేవాళ్ళను తీసుకుని కిందికి వచ్చేసరికి కింద క్యూ గేటుదాకా పెరిగిపోయేది. తొందరమీదున్న వాళ్ళు రిసెప్షన్ అమ్మాయిని అడిగేవాళ్ళు.

“ఏమ్మా, మెట్లు ఖాళీగానే ఉన్నాయిగా, ఎక్కొచ్చా?”

“మెట్లు పైకెళ్ళాయండీ. ఇప్పుడే వస్తాయి, కూర్చోండి.”

జనం నిజంగానే కూర్చునేవారు. ఒక కుర్రాడు ఓపిక పట్టలేక ఒక్కడే గబగబా ఎక్కబోతే, వెనకున్న పెద్దమనుషులు కాలరు పట్టుకుని కిందికి లాగారు. “లైన్లో రావయ్యా! ఆపరేటరు లేకుండా మెట్లెక్కుతావా? పడితే ఎవరిది పూచీ? చదువుకున్నవాడిలా ఉన్నావే!” అని నాలుగు చివాట్లు పెట్టారు.

బాబాయికి మొదటి వారం పిక్కలు పట్టేశాయి. రెండో వారం పిన్ని నూనె రాసి రుద్దలేక చేతులెత్తేసింది. ఆ తర్వాత ఏమైందో ఏమో, ఒళ్ళు తేలికపడింది. బొజ్జ తగ్గింది. బెల్టుకి కొత్త చిల్లులు పొడిపించుకున్నాడు. మహోద్యమం వల్ల బాగుపడిన మనిషి ఎవరని ఎవరైనా అడిగుంటే, బాబాయిని చూపించేవాళ్ళు. ఎవరూ అడగలేదు.

అధికారులకు మాత్రం మెట్లు పడలేదు. కార్యదర్శిగారికి మోకాలు చిప్ప, డైరెక్టరుగారికి నడుము, జాయింటు డైరెక్టరుగారికి ఊపిరి, డిప్యూటీగారికి ఏదో ఒకటి. ఆరోగ్యశాఖ కావడం వల్ల అందరూ డాక్టర్లే. ఒక మధ్యాహ్నం అంతా ఒకే బల్ల చుట్టూ కూర్చుని, టీ తాగుతూ, ఒకరి జబ్బు ఒకరు ధ్రువీకరించుకున్నారు. ‘మెట్లు ఎక్కరాదు, బరువులు ఎత్తరాదు’ అని కుడి పక్కవాళ్ళది రాసి సంతకం పెట్టి కుడి పక్కకు అందించారు. సాయంత్రానికి కార్యదర్శిగారి గది కింది అంతస్తుకు వచ్చేసింది. వారం తిరక్కుండా మిగతా గదులూ వచ్చేశాయి.

కింద ఉన్నవి పైకి పోవాలి కదా! కింద ఉన్నది వికలాంగుల సర్టిఫికెట్ల కౌంటరు. దాన్ని ఏడో అంతస్తుకు ఎక్కించారు.

దాని కోసం వచ్చిన మొదటి మనిషి ఒక టైలరు. మోకాలి దగ్గర్నుంచి ఎడమకాలు లేదు. చంకల కింద కర్రలు. కాలితో తొక్కే మిషను పక్కన పెట్టి, కరెంటు మిషను మీద కుట్టుకుని బతికేవాడు. పాత సర్టిఫికెట్టు గడువు తీరింది, కొత్తది కావాలి. బాబాయికి బాగా తెలిసిన మనిషే. ఈయన ఖాకీ చొక్కాలన్నీ ఆయన కుట్టినవే.

మెట్ల కింద నిలబడి టైలరు తల పైకెత్తి చూశాడు.

“ఏడా బాబాయ్?”

“ఏడే.”

“కాస్త వీపు మీద ఎక్కించుకుంటావా? నేనేమంత బరువుండను. ఒక కాలు తక్కువేగా!” అని నవ్వాడు.

బాబాయి వంగబోయి ఆగాడు. అటూ ఇటూ చూశాడు. కార్యదర్శిగారి గది తలుపు తెరిచే ఉంది. “ముట్టుకోకూడదని రూలయ్యా. పోస్టు అసలే గాలిలో ఉంది. ఏమీ అనుకోకు,” అన్నాడు నేల చూపులు చూస్తూ.

“ఛ, ఏమనుకుంటాను! పద, ఏ ఫ్లోరో అడుగు మరి.”

ఇద్దరే ఎక్కారు. టైలరు ఒక్కో మెట్టు మీద ముందు కర్రలు పెట్టి, తర్వాత ఒళ్ళు లాక్కుంటున్నాడు. ప్రతి అంతస్తులోనూ కూర్చుని చంకలు రుద్దుకున్నాడు. బాబాయి పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అంతస్తు పేరు కేకెయ్యడానికి ఆయనకు నోరు రాలేదు. ఏడో అంతస్తుకు చేరేసరికి టైలరు చొక్కా పిండితే నీళ్ళు కారేలా ఉంది.

కౌంటరులో గుమాస్తా ఆయన్ని ఆప్యాయంగా చూశాడు.

“ఎలా వచ్చారు పైకి?”

“మెట్లెక్కే వచ్చానండీ.”

“మీ అంతట మీరే?”

“నా అంతట నేనే. బాబాయే సాక్షి.”

“ఏడంతస్తులు మీ అంతట మీరే ఎక్కాక ఇంకా మీకు సర్టిఫికెట్టు ఎందుకండీ? వేరే ఎవరికైనా రావాల్సింది మీరు తీసుకుంటే పాపం కదా!” అన్నాడు గుమాస్తా. అభినందిస్తూ చెయ్యి కూడా కలిపాడు.

టైలరు ఆ చేతి వంక చూసి, కర్రలు సర్దుకున్నాడు. దిగేటప్పుడు ఎక్కడా ఆగలేదు. బాబాయి వెనక నడుస్తూ, తనను తాను తిట్టుకున్నాడు.

ఎక్కి వచ్చిన వాళ్ళకు సర్టిఫికెట్టు అక్కర్లేదు. ఎక్కలేని వాళ్ళు రానే రారు. దాంతో నెల తిరిగేసరికి కౌంటరులో దరఖాస్తులు ఒక్కటీ లేకుండా పోయాయి. మంత్రిగారు మళ్ళీ విలేకరులను పిలిచి, మహోద్యమం పుణ్యమా అని వైకల్యం పూర్తిగా తగ్గుముఖం పట్టిందనీ, ఇలాంటిది ఎక్కడా జరగలేదనీ వెల్లడించారు. అది నిజమే, ఎక్కడా జరగలేదు.

ఈ సమావేశం కింది అంతస్తులోనే జరిగింది. ఎందుకంటే మంత్రిగారు కూడా దిగి వచ్చేశారు. ప్రజలకు అందుబాటులో ఉండడం కోసమని పత్రికల్లో పడింది. అయితే కింద చోటు లేదు. లోపల ఉన్న గదులన్నీ జబ్బులవాళ్ళు ఆక్రమించారు. అందుకని వెనక వాకిట్లో ఛాంబరు కట్టాలని నిర్ణయించారు.

ఇటుకలు దిగిన రోజు పిన్ని చీర కొంగు బొడ్లో దోపుకుని మంత్రిగారి ఎదుటికే వెళ్ళింది.

“అయ్యా, పిల్లలు ఆడుకునే చోటండీ ఇది.”

“పిల్లల కోసమేనమ్మా కడుతున్నది! నా ఛాంబరు పక్కనే బాలల క్రీడా విభాగం పెడుతున్నాం. ఒక డైరెక్టరు, ఇద్దరు డిప్యూటీలు, కంప్యూటర్లు!”

“సంతోషమండీ. మరి పిల్లలు ఎక్కడ ఆడుకోవాలి?”

“డాబా ఉందిగా పైన! ఎంత గాలి, ఎంత వెలుతురు!”

డాబాకి పిట్టగోడ మోకాలెత్తే ఉంది. అది ఎత్తు చేసేదాకా పిల్లలెవరూ పైకి వెళ్ళరాదని ఇంజినీర్లు రాశారు. అది ఎత్తు చెయ్యాలంటే బాలల క్రీడా విభాగం ఒప్పుకోవాలి. ఆ విభాగానికి ఇంకా గది కట్టలేదు. అందాకా పిల్లల్ని వరండాలో బెంచీల మీద వరసగా కూర్చోబెట్టి, గోడకి ఒక పెద్ద టీవీ తగిలించారు. అందులో పొద్దస్తమానం చలన గీతం వచ్చేది. తెల్లటి బట్టలేసుకున్న పిల్లలు పచ్చిక మీద పరుగెత్తుతూ ఉంటారు. ‘కదలకుండా చూడండి’ అని వాచ్‌మన్ మధ్యమధ్యలో గద్దించేవాడు.

వాకిట్లో షటిలు నెట్టు విప్పమని పీఏ చెప్పింది బాబాయికే. ఆయన విప్పి, చుట్టి, స్టోరులో పడేశాడు.

“నువ్వేనా విప్పింది?” అనడిగింది పిన్ని ఆ సాయంత్రం.

“విప్పనంటే ఊరుకుంటారా? గది ఉండాలా వద్దా?”

“ఉందిగా గది! ఇక గుమ్మం తెరిస్తే గోడే. ఏం చూసుకుని ఉండను ఇందులో?” అని పిన్ని తలుపేసుకుని అటు తిరిగి పడుకుంది. బాబాయికి కోపం రాలేదు. ఆవిడన్నది నిజమని తెలుసు. భయమే ఆయన్ని నిలువనివ్వడం లేదు. ఈ వయసులో ఇంకెవడు పనిస్తాడు, ఈ ఊళ్ళో ఇంకెవడు గదిస్తాడు అన్న భయం.

ఆ భయం ఊరికే పోలేదు. అందరూ కిందికి వచ్చేశాక పైకి వెళ్ళేవాడే లేడు. మెట్ల కింద క్యూ లేదు. బాబాయి పొద్దుటినుంచి సాయంత్రందాకా స్టూలు మీద కూర్చుని దారిన పోయేవాళ్ళందరినీ “ఏ ఫ్లోరండీ?” అని ఆశగా అడిగేవాడు. అందరూ “ఇదే” అనేవారు. సూపరింటెండెంటమ్మ కూడా దిగి వచ్చేసింది. ఆవిడే బాబాయిని పిలిచి చెప్పింది.

“ఎవరూ ఎక్కని మెట్లకు ఆపరేటరెందుకని పై నుంచి అడుగుతున్నారయ్యా. ఈసారి నా చేతుల్లో లేదు. నెలాఖరు దాకా చూద్దాం.”

“చూద్దామంటే ఎలాగమ్మా…”

“ఎవరైనా ఎక్కితే బావుండు,” అంది ఆవిడ నిట్టూర్చి.

ఎక్కేవాళ్ళు వచ్చారు. విదేశాల నుంచి చలన పరిశీలక బృందం ఒకటి దిగింది. తెల్లబూట్లు, భుజాన నీళ్ళ సీసాలు, ఊడల్లా గట్టిపడిన పిక్కలు. మంత్రిగారు రోజూ ఏడంతస్తులు ఎక్కుతారని వాళ్ళెక్కడో చదివారట. ఆయనతో పాటు డాబా మీదికి ఎక్కి, అక్కడే ఆయనకు బంగారు పతకం వెయ్యాలని వాళ్ళ కోరిక.

మంత్రిగారు పీఏ చెవిలో అన్నారు. “లిఫ్టు వెయ్యవయ్యా చప్పుడు కాకుండా!”

పీఏ నీళ్ళు నమిలాడు. “లిఫ్టులో నేనుంటున్నాను సార్.”

“అంటే?”

“గదులు చాల్లేదని… కింద ఆగిపోయిన లిఫ్టే కదా అని కేబినులా వాడుకుంటున్నాను. అద్దం ఉంది, ఫ్యానుంది, తలుపుంది. వైర్లు కోసేసి నా కంప్యూటరుకు కరెంటు లాగించాను సార్.”

మంత్రిగారికి మెట్లెక్కక తప్పలేదు. బృందం ఆరుగురూ ఉడుతల్లా ముందు ఎక్కేశారు. మంత్రిగారు కెమెరాలు కనబడ్డంత మేరా హుందాగా ఎక్కారు. మలుపు తిరగ్గానే మెట్టు మీద చతికిలబడ్డారు.

“ఇంకెన్ని ఉన్నాయయ్యా?”

“ఇప్పుడే మొదలయ్యాయి సార్,” అన్నాడు పీఏ.

“నా వల్ల కాదు. నన్నెవరైనా ఎత్తండి!”

అధికారులంతా ఒక్కసారి తమ తమ జబ్బులున్న చోట చేతులు వేసుకున్నారు. అందరికీ సర్టిఫికెట్లున్నాయి, బరువులు ఎత్తరాదని. పీఏ గబగబా దిగి వచ్చి, మెట్ల కింద నిలబడ్డ బాబాయిని ఎగాదిగా చూశాడు.

“బాబాయ్, నీకేం జబ్బు లేదా?”

“లేదండీ.”

“ఒక్కటి కూడా?”

“ఏమీ లేదండీ. ఇప్పుడు ఇంకా బావుంది.”

“ఎంత చల్లని మాట చెప్పావు! రా, సార్‌ని వీపు మీద ఎక్కించుకో.”

“ముట్టుకోకూడదని రూలండీ…”

“నువ్వు ముట్టుకోవడం లేదు బాబాయ్. సార్ నిన్ను ముట్టుకుంటారు. నెలాఖరు దగ్గరికొస్తోంది, ఆలోచించుకో.”

ఆలోచించుకోవడానికేముంది? బాబాయి మలుపు దాకా ఎక్కి వంగాడు. మంత్రిగారు ఎక్కి మెడ చుట్టూ చేతులు వేశారు. మొదటి మెట్టుకే బాబాయికి నడుములో కలుక్కుమంది. టైలరు గుర్తొచ్చాడు. ఇందులో సగం బరువుండడు. ఆ రోజు అడిగితే నేల చూపులు చూశాను గదా అనుకున్నాడు. సిగ్గుతో ముఖం మండిపోయింది. బరువు కంటే అదే ఎక్కువ బాధ పెట్టింది. అలవాటు కొద్దీ “మూడో ఫ్లోర్, మూడో ఫ్లోర్” అంటూ ఎక్కుతూనే ఉన్నాడు.

“ఊపిరి ముక్కుతో పీల్చు బాబాయ్, నోటితో కాదు,” అన్నారు వీపు మీది నుంచి మంత్రిగారు. “మోకాలు పూర్తిగా వంచు. అదీ! చూశావా, మనసు పెడితే ఏడంతస్తులు ఒక లెక్కా!”

డాబా తలుపు ఇవతల మంత్రిగారు దిగి తల దువ్వుకున్నారు. పీఏ సీసాలో నీళ్ళు తీసి ఆయన నుదుటి మీద చెమటలా చిలకరించాడు. బాబాయిని తలుపు చాటున ఉండమన్నారు. ఆయన గోడకు ఆనుకుని, నోటికి చొక్కా చెయ్యి అడ్డం పెట్టుకుని, దగ్గు బయటికి వినబడకుండా ఆపుకున్నాడు.

డాబా మీద బృందం నాయకురాలు మంత్రిగారి నాడి పట్టుకుని చూసి విస్తుపోయింది. నిద్రలేచిన మనిషి నాడిలా ఉందట! ఇన్ని మెట్లెక్కి ఇంత నిదానంగా కొట్టుకునే గుండెను ఆవిడ ఇంతవరకూ చూడలేదట. పతకం వేశారు. మర్నాడు పత్రికలన్నిట్లో ‘చెక్కు చెదరని గుండె’ అని పడింది. చదివిన వాళ్ళంతా గుండెల మీద చెయ్యేసుకున్నారు.

నెలాఖరు వచ్చింది. సూపరింటెండెంటమ్మ బాబాయిని పిలిచింది.

“నీ మెట్ల ఆపరేటరు పోస్టు రద్దయిందయ్యా.”

బాబాయి కుర్చీ అంచు పట్టుకున్నాడు.

“కంగారు పడకు. దాని బదులు కొత్తది మంజూరైంది. తాత్కాలికం కాదు, పర్మినెంటు. గది నీదే.”

“ఏం పోస్టమ్మా?”

ఆవిడ కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకుంది. “రేపట్నుంచి అధికారులంతా మళ్ళీ పైకి పోతున్నారు. కింద దోమలట, పైన గాలొస్తుందట. సీనియారిటీ ప్రకారం, ఒకసారికి ఒక్కరు. అంతే నీ పని.” 

“పర్మినెంటయింది,” అన్నాడు బాబాయి ఇంటికెళ్ళి. పిన్ని ఎన్నాళ్ళకో నవ్వింది. వెంటనే కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. “పోనీలే, ఇల్లు నిలబడింది. ఇంతకీ ఏం పోస్టు?” అనడిగింది. “అదే, పైకి తీసుకెళ్ళేదే,” అని బాబాయి మంచినీళ్ళ గ్లాసు నోటికెత్తుకున్నాడు.

మర్నాడు ఉదయం లిఫ్టు మెకానిక్ వచ్చాడు. భుజాన సంచీ, చేతిలో నూనె డబ్బా. నెలకోసారి వచ్చి చూసి సంతకం పెట్టాలని కంపెనీతో ఒప్పందం. అలవాటుగా తిన్నగా లిఫ్టు దగ్గరికెళ్ళి తలుపు లాగాడు. లోపల కంప్యూటరు ముందున్న పీఏ తలెత్తి, “ఇది కాదు, అది” అని మెట్ల వైపు వేలు చూపించాడు.

మెకానిక్ మెట్ల దగ్గరికొచ్చి ఆగిపోయాడు.

“నువ్వేంటి బాబాయ్?”

“నేనే. చూసుకో.”

మెకానిక్ పీఏ వైపు చూశాడు. మళ్ళీ బాబాయి వైపు చూశాడు. చూడ్డానికి మంచివాడే. కానీ సంతకం లేకుండా వెనక్కెళితే కంపెనీ ఊరుకోదు. సంచీ కింద పెట్టాడు.

“ఏదీ, ఒకసారి వంగు. లే. మళ్ళీ వంగు.”

బాబాయి వంగాడు, లేచాడు, మళ్ళీ వంగాడు. టక్‌మని చప్పుడైంది. మెకానిక్ చెవి దగ్గరగా పెట్టి విన్నాడు.

“మోకాళ్ళ దగ్గర శబ్దం వస్తోంది. కొన్నాళ్ళు ఆపి ఉంచితే మంచిది.”

“ఆపొద్దు నాయనా. నీకు దణ్ణం పెడతాను, ఆపమని మాత్రం రాయొద్దు,” అన్నాడు బాబాయి.

భవనం వెనక గుమ్మంలోంచి పిన్ని చూస్తోంది. ఆవిడ చేతిలో ఉన్నది కింద పడింది. ఏం పడిందో ఎవరూ చూడలేదు.

మెకానిక్ కార్డు తీసి, తేదీ వేసి, ‘పనిచేయుచున్నది’ అని రాసి, సంతకం పెట్టి, బాబాయి చొక్కా గుండీకి తగిలించాడు. సంచీ భుజానేసుకుని, పక్క ఆఫీసులో లిఫ్టు చూడ్డానికి వెళ్ళిపోయాడు.

కార్యదర్శిగారు దగ్గరికొచ్చి, కళ్ళజోడు సర్దుకుని, కార్డు మీదున్నది ఆసాంతం చదివారు. తృప్తిగా తలూపి, “ఐదో ఫ్లోర్,” అన్నారు.